గోడకు అరలు... చెవికి విందు!

సామాన్లు ఇంకా సర్దని కొత్త ఇంట్లో, హాలు మధ్యలో నిలబడి గట్టిగా ఓ చప్పట కొట్టి చూడండి. ఎదురెదురు గోడల మధ్య ఆ చప్పుడు బంతిలా అటూ ఇటూ తిరుగుతూ 'టర్ర్‌'మంటుంది. పాటలు వినే గదిలో ఇది పెద్ద తలనొప్పి. దాంతో చాలామంది గోడల నిండా ఫోమ్ అంటిస్తారు. కోడిగుడ్ల అట్టలు అతికించేవాళ్లూ లేకపోలేదు. అట్టలతో ఒరిగేది పెద్దగా ఏమీ ఉండదు. ఫోమ్ మరీ ఎక్కువైతే పాటలోని జీవాన్నీ మింగేస్తుంది. వీణ వాయించినా దుప్పటి కప్పి వాయించినట్టే!

మింగకుండా నలుదిక్కులా చెదరగొడితే? ఆ పని చేసే చెక్క పలకే డిఫ్యూజర్.

దీని వెనక ఓ కథ ఉంది. 1962లో న్యూయార్క్‌లో ఫిల్‌హార్మోనిక్ హాలును ఘనంగా ప్రారంభించారు. తీరా వింటే... సంగీతం పేలవం. లోపమెక్కడో తేల్చమని పిలిచిన నిపుణుల్లో బెల్ ల్యాబ్స్ శాస్త్రవేత్త మాన్‌ఫ్రెడ్ ష్రోడర్ ఒకరు. ఆ తర్వాత ఆయన బృందం ఐరోపాలోని సంగీత మందిరాలను పోల్చి చూసింది. పక్క గోడల నుంచి వచ్చి, రెండు చెవులకూ కాస్త వేర్వేరుగా చేరే శబ్దమే శ్రోతలకు నచ్చుతోందని తేలింది. 1870 నాటి వియన్నా మ్యూజిక్‌ఫెరైన్ లాంటి ఇరుకు హాళ్లలో పక్క గోడలు దగ్గరే, పైగా వాటి నిండా శిల్పాలు, నగిషీలు. వెడల్పాటి కొత్త హాళ్లలో నున్నటి సీలింగుకి ఆ విద్య ఎక్కడిది?

ష్రోడర్‌కి జవాబు లెక్కల్లో దొరికింది. 0 నుంచి 6 దాకా అంకెల్ని వర్గం చేసి, 7తో భాగించండి. మిగిలే శేషాలు 0, 1, 4, 2, 2, 4, 1. ఆ లెక్క ప్రకారం లోతులున్న ఏడు నిలువు అరలు చేస్తే, ఒక్కో అర అడుగుదాకా వెళ్లిన శబ్దం ఒక్కో ఆలస్యంతో వెనక్కొస్తుంది. అంతా ఒకే దిక్కుకి పోకుండా విసనకర్రలా పరుచుకుంటుంది. 1983లో న్యూజిలాండ్‌లోని వెల్లింగ్టన్‌లో తెరిచిన మైఖేల్ ఫౌలర్ సెంటర్‌లో ఇలాంటి పలకలే వాడారు.

ఇంట్లో చేయించాలంటే వడ్రంగికి ఈ కొలతలిస్తే చాలు. 500 హెర్ట్జ్ నుంచి పై స్వరాలకు శేషంలో ఒక్కో అంకెకి 4.9 సెంటీమీటర్ల లోతు. అంటే అన్నిటికన్నా లోతైన అర 19.6 సెంటీమీటర్లు. అర వెడల్పు 5 సెంటీమీటర్లు. మధ్యలో పల్చటి ప్లైవుడ్ అడ్డుపలకలు తప్పనిసరి. 'అవెందుకండీ, దండగ' అని వడ్రంగి అంటాడు. ఒప్పుకోవద్దు! అవి లేకపోతే లెక్కంతా తప్పుతుంది. అందంగా ఉంటుందని ముందు గుడ్డ బిగించకండి, శబ్దాన్ని పీల్చేస్తుంది.

మీరు కూర్చునే చోటు వెనక గోడ దీనికి మంచి జాగా. అయితే పలకకీ మీకూ మధ్య కనీసం రెండు మీటర్లుండాలి. అంతకన్నా దగ్గరైతే చెదిరిన శబ్దం కలిసేలోపే చెవిన పడుతుంది. పది అడుగుల గదిలో సోఫాని గోడకి ఆనించేస్తాం కాబట్టి అక్కడ ఈ ఖర్చు వృథా. ఎగుడుదిగుడుగా పుస్తకాలు పేర్చిన బీరువా, ఓ మందపాటి కర్టెన్... ఆ గదికి అవే మేలు. ప్లైవుడ్ కొట్టుకి వెళ్లేముందు టేపుతో ఆ దూరం కొలుచుకోండి.