అంగడి కూడా వారసత్వమే

ప్రతి ఏటా జనవరి 11న జైనూర్ మండలంలోని మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ దంపతుల సమాధుల దగ్గర జనం చేరుతారు. అధికారులు పూలమాలలు వేస్తారు, ఉపన్యాసాలు ఇస్తారు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం నేలకొరిగిన తరువాత, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం పంపిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్. ఆయన మార్లవాయిలో మకాం పెట్టాడు. 1943లో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం అక్కడే మొదలైంది. ఆయన పరిశోధనలో తోడున్న బెట్టీ ఎలిజబెత్ 1987 జనవరి 11న హైదరాబాదులో చనిపోయింది. సభ జరిగేది ఆమె వర్ధంతి నాడే. అయినా మనకు గుర్తుండేది ఆయన పేరే. వారసత్వాన్ని గౌరవించడంలో కూడా ఆడదాని పేరు వెనకే ఉంటుందన్నమాట.

జోడేఘాట్‌లో స్మారకం ఉంది, మ్యూజియం ఉంది. 2016లో ఏర్పడిన జిల్లాకు భీం పేరే పెట్టారు. ఉషేగావ్ లాంటి ఊళ్ళలో పోత పోసే ఇత్తడి బొమ్మలకు ఆదిలాబాద్ డోక్రా పేరుతో 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇవన్నీ జరగవలసినవే, సంతోషించవలసినవే. కానీ ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. చనిపోయినవాళ్ళకు రాతి కట్టడం కట్టే చేతులు, బతికున్న స్త్రీలు కూర్చునే అంగడికి నాలుగు రేకులు ఎందుకు వేయలేకపోతున్నాయి?

ఆ ప్రాంతంలోనే ఒక వారపు అంగడిలో నేను ఒక రోజంతా కూర్చున్నాను. రేకుల షెడ్డు కింద బట్టల వ్యాపారులు, గిన్నెల వ్యాపారులు ఉన్నారు. పొద్దున్నే కొండ దిగి నడిచి వచ్చిన గోండు, కొలాం స్త్రీలు ఎండలో, రోడ్డు అంచున గోనెపట్టాలు పరిచారు. చింతపండు, కందులు, ఇప్పపువ్వు, కాసిన్ని కూరగాయలు. మరుగుదొడ్డి లేదు. సాయంత్రం దాకా నీళ్ళు తాగకుండా ఓర్చుకోవడమే వాళ్ళకు తెలిసిన ఉపాయం. తైబజారు వసూలు చేసే కుర్రవాడు మాత్రం అందరికంటే ముందే వచ్చాడు. రసీదు ఇవ్వలేదు. "కొనేటోళ్ళు రాకముందే పైసలు అడుగుతరు బాయీ. ఇయ్యకుంటే లెవ్వుమంటరు" అన్నది నా పక్కన కూర్చున్న ముసలామె. ఈ అంగడికి ఎన్నేళ్ళ నుంచి వస్తున్నావు అవ్వా అని అడిగాను. తన తల్లి కొంగు పట్టుకుని వచ్చిన రోజుల నుంచి అని చెప్పింది.

అది వారసత్వం కాక మరేమిటి? అడవి ఊళ్ళకు అంగడి అంటే సరుకులు మారే చోటు మాత్రమే కాదు. పుట్టింటి కబురు తెలిసేది, పెళ్ళి మాటలు నడిచేది, భాషలు కలిసేది అక్కడే. స్త్రీ తన చేతితో డబ్బు ముట్టుకునేది కూడా చాలాసార్లు అక్కడే.

ఈ రెండూ ఒకటేనని నేను కొత్తగా కనిపెట్టింది కాదు. 1996లో పార్లమెంటు చేసిన పెసా చట్టంలోనే ఉంది. షెడ్యూల్డు ప్రాంతాల్లో ప్రజల ఆచార సంప్రదాయాలను, సాంస్కృతిక గుర్తింపును, సమష్టి వనరులను కాపాడే అర్హత గ్రామసభకు ఉందని ఆ చట్టంలోని 4వ సెక్షన్ చెబుతుంది. అదే సెక్షన్, గ్రామంలోని సంతలను నిర్వహించే అధికారం తగిన స్థాయి పంచాయతీలకు, గ్రామసభకు ఉండేలా రాష్ట్రాలు చూడాలని కూడా చెబుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998లో పంచాయతీరాజ్ చట్టాన్ని సవరించారు. నియమాలు రావడానికి మాత్రం 2011 దాకా పట్టింది. స్మారకం ఒక శాఖకు, సంత ఒక వేలంపాటకు అని చట్టం విడదీయలేదు. విడదీసింది మన అలవాటు. తైబజారు హక్కును ఎక్కువ పాడినవాడికి అప్పగించి చేతులు దులుపుకునే అలవాటు.

ఇక్కడ వ్యాపారం మాట ఎత్తితే భూమి మాట ఎత్తకుండా కుదరదు. 1/70 చట్టం ప్రకారం ఏజెన్సీలో భూమి ఆదివాసీల నుంచి ఇతరుల చేతికి పోకూడదు. అయినా రోడ్డు పక్కన దుకాణాల వరసలు పెరిగాయి, అమ్మేవాళ్ళు అంచులకు జరిగారు. ఆ ఉద్రిక్తత జైనూర్‌లో లోలోపల ఎప్పటినుంచో ఉంది. 2024 ఆగస్టు చివరలో ఒక ఆదివాసీ స్త్రీపై జరిగిన దాడి తరువాత, సెప్టెంబరు 4న అది బయటపడింది. దుకాణాలు, వాహనాలు తగలబడ్డాయి, నిషేధాజ్ఞలు వచ్చాయి. రెండు రోజులు తిరగకముందే చర్చ మతాల మీదికి, ఆస్తుల మీదికి మళ్ళింది. ఆ స్త్రీకి న్యాయం అనే మాట వెనక్కి పోయింది. కాలిపోయిన దుకాణాల్లో రోజువారీ బతుకులూ ఉన్నాయి. ఒక నేరానికి ఒక సమాజమంతటినీ బోనెక్కించడం మన పద్ధతి కాదు. కానీ ఆడవాళ్ళు అంగడికి వెళ్ళి క్షేమంగా ఇల్లు చేరే దారి గురించి ఏ పంచాయతీ అయినా ఒక్క పూట కూర్చుని మాట్లాడిందా అని అడగడం మన పని.

పట్టణాల్లో పనిచేసే మిత్రులు కూడా ఒక విషయం గమనించాలి. 2014 వీధి వ్యాపారుల చట్టం రెండవ షెడ్యూలు, యాభై ఏళ్ళకు పైబడి నడుస్తున్న సహజ బజార్లను వారసత్వ బజార్లుగా ప్రకటించాలని, అక్కడివాళ్ళను మరో చోటికి తరలించకూడదని చెబుతుంది. పట్టణ విక్రయ కమిటీలో వ్యాపారుల ప్రతినిధులు 40 శాతానికి తగ్గకూడదు, వారిలో మూడోవంతు స్త్రీలు ఉండాలి. కోటలకు, గుళ్ళకే కాదు, గంపకు కూడా వారసత్వ హోదా ఇచ్చిన చట్టమిది. దాన్ని ఎంతమంది కౌన్సిలర్లకు మనం చదివి వినిపించాం?

పంచాయతీల్లో సగం స్థానాలు స్త్రీలవి. షెడ్యూల్డు ప్రాంతంలో సర్పంచి ఆదివాసీయే. కుర్చీ వచ్చింది గానీ అంగడి లెక్కల పుస్తకం ఇంకా చేతికి రాలేదు. కాబట్టి రాబోయే గ్రామసభల్లో మన సంఘాలు నాలుగు మాటలు అడగాలని నా మనవి. తైబజారు ఎంత వసూలైంది, దేనికి ఖర్చయింది? తల మీద గంప మోసుకొచ్చే స్త్రీకి తైబజారు ఎందుకు? నీడ, నీళ్ళు, మరుగుదొడ్డి ఎప్పుడు? చీకటి పడేలోగా ఊరు చేర్చే బస్సు ఏది? ఈ ప్రశ్నలు గోండిలో, కొలామీలో అడగాలి. జవాబు తీర్మానం పుస్తకంలోకి ఎక్కాలి.

భీం పోరాడింది భూమి మీద, అడవి మీద హక్కు కోసం. ఆ అడవి పంటను గంపలో పెట్టుకుని వచ్చిన ఆడబిడ్డను ఎండలో కూర్చోబెట్టి, ఆయన విగ్రహానికి గొడుగు పట్టడం గౌరవం కాదు. వచ్చే జనవరిలో మార్లవాయి వెళ్ళే మిత్రులారా, బెట్టీ సమాధి దగ్గర ఒక పువ్వు పెట్టండి. తిరుగుదారిలో అంగడి దగ్గర ఆగండి. కాసేపు ఆ గోనెపట్టా మీద కూర్చోండి.