ఉత్తరాలలో పుట్టిన నవల

ఆంగ్ల నవల అనగానే మన పిల్లలకు పరీక్షలు గుర్తుకు వస్తాయి. అది పండితులు కట్టిన కోట అని చదువుకునే రోజుల్లో నేనూ భావించాను. దాని చరిత్రను నిదానంగా చదివిన తరువాత ఆ అభిప్రాయం మారింది.

1719లో ‘రాబిన్సన్ క్రూసో’ను వెలువరించిన డేనియల్ డెఫో వ్యాపారమూ, పత్రికా రచనా చేసినవాడు. శామ్యూల్ రిచర్డ్‌సన్ లండన్‌లో అచ్చుకూటం నడిపినవాడు. అంతగా చదువుకోని వారికి ఉత్తరాలు రాయడం నేర్పే పుస్తకం ఒకటి కూర్చమని ప్రచురణకర్తలు ఆయనను కోరారు. ఆ పని మధ్యలోనే ఒక కథ తట్టింది. యజమాని వేధింపులను ఎదిరించిన పనిపిల్ల తన తల్లిదండ్రులకు రాసుకున్న ఉత్తరాలుగా 1740లో ‘పమేలా’ వెలువడింది. నాయిక వెనుక నిలబడే పరిచారికే ఇక్కడ నాయిక అయింది. ఆ నవలను ఎగతాళి చేస్తూ కథారచనకు దిగిన హెన్రీ ఫీల్డింగ్ సైతం 1749లో ‘టామ్ జోన్స్’ వంటి గొప్ప నవలను అందించాడు.

ఆ తరువాత సరిహద్దు సీమల యాసలకూ చోటు దక్కింది. 1800లో మరియా ఎడ్జ్‌వర్త్ తన ‘కాజిల్ రాక్‌రెంట్’ కథను ఐర్లండుకు చెందిన వృద్ధ సేవకుని నోట, అతని పలుకుబడిలోనే చెప్పించింది. ఆమె రచనలే తనకు ప్రేరణ అని 1814లో ‘వేవర్లీ’ ముగింపున వాల్టర్ స్కాట్ ఒప్పుకున్నాడు. 1836 నుండి డికెన్స్ ‘పిక్విక్ పేపర్స్’ నెలకొక భాగంగా, ఒక్కొక్కటి షిల్లింగు వెలకు వచ్చింది. పుస్తకం మొత్తం ఒకేసారి కొనలేనివారూ పాఠకులయ్యారు.

ఇంటి మాట అచ్చుకు తగినదన్న నమ్మకం, దానిని చదవగల జనం: ఈ రెండూ ఉన్నందువల్లనే ఆంగ్ల నవల ఎదిగిందని నా విశ్వాసం.

మన వలసల గాథ కూడా నవలయింది. తెలుగు ఇంట పుట్టిన కి. రాజనారాయణన్ 1976లో ‘గోపల్ల గ్రామం’లో తమిళనేలకు తరలివెళ్ళిన తెలుగువారి కథను చెప్పారు. రాసింది మాత్రం తమిళంలో. ఆ నేల యాసకు సాహిత్య గౌరవం తెచ్చిన ఆయనకు నమస్కరిస్తాను. కానీ ఇంట మాట వినిపించినా బడిలో అక్షరం అందని తరాల నుండి తెలుగు నవల ఎలా పుడుతుంది?

మా నాయనమ్మ ఉత్తరాలు ఇంకా పెట్టెలో ఉన్నాయి. నా మనుమలకు వాటిని చదవడం రాదు.

రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం ప్రాథమిక దశలో భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు మాతృభాషా బోధన కల్పించడానికి పూనుకోవాలని రాష్ట్రాలను ఆదేశిస్తున్నది. దానిని పట్టుబట్టి అడుగుదాం. అది సమకూరేలోగా ప్రతి ఇంటా పిల్లలచేత వారానికొక తెలుగు ఉత్తరం రాయిద్దాం. రేపటి నవలకు ఆ ఉత్తరమే నాంది కావచ్చు.