బస్తర్‌లో సబ్సిడీ అందాల్సింది సంత బండికి

ఛత్తీస్‌గఢ్ 2022లో తెచ్చిన విద్యుత్ వాహన విధానం బండి ధరలో 10 శాతం, గరిష్ఠంగా లక్షన్నర రూపాయలు సబ్సిడీ ఇస్తామంది. చూడటానికి అందరికీ ఒకటే న్యాయం. లెక్క వేస్తే లక్ష రూపాయల స్కూటరుకు పదివేలు, పదిహేను లక్షల కారుకు లక్షన్నర! కార్లు కొనేవాళ్లు ఎక్కువగా రాయ్‌పూర్, భిలాయ్‌లలో ఉంటారు. బస్తర్‌లో నాలుగు డబ్బులు తెచ్చిపెట్టేది సరుకు ఆటో. బస్సుల్లోనూ ఇదే తీరు: కేంద్రం 2023లో తెచ్చిన పీఎం ఈ-బస్ సేవ కింద రాష్ట్రానికి మంజూరైన 240 బస్సులూ రాయ్‌పూర్, దుర్గ్-భిలాయ్, బిలాస్‌పూర్, కోర్బాలకే కేటాయించారు. మూడు లక్షల జనాభా నిబంధన దగ్గరే బస్తర్ ముఖ్యపట్టణం జగదల్‌పూర్ ఆగిపోయింది.

చింతపండు బస్తాలు, ఇప్పపువ్వు మూటలు వేసుకుని సంతకు వెళ్లే ఆటో సాయంత్రానికి ఇల్లు చేరుతుంది. రానూపోనూ 60 కిలోమీటర్లు అనుకుందాం. లీటరుకు 25 కిలోమీటర్లిచ్చే డీజిల్ బండికి దాదాపు 230 రూపాయలవుతుంది (ఇక్కడ ఇంధనం రాయ్‌పూర్ కన్నా కాస్త ప్రియమే). విద్యుత్ బండికి ఏడు యూనిట్లు చాలు. యూనిట్‌కు ఎనిమిది రూపాయలు వేసుకున్నా 56 రూపాయలు. నెలకు ఇరవై ట్రిప్పులైతే మిగిలేది సుమారు 3,500. ఈ మిగులుతో వాయిదా కట్టుకోవచ్చు, అప్పు పుడితే. పాత విద్యుత్ బండికి ఏం ధర పలుకుతుందో, బ్యాటరీ ఎన్నాళ్లు మన్నుతుందో తేలక అప్పిచ్చేవాళ్లు వడ్డీ పెంచుతారు. పైగా 2025 సెప్టెంబరులో ఆటోల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగడంతో, 5 శాతమే ఉన్న విద్యుత్ బండికి పన్నులో ఉన్న మేలూ కొంత తగ్గింది. సర్కారు సొమ్ము ఈ అప్పుకు పూచీగా, వడ్డీలో తేడా భరించడానికి వెళితే రూపాయికి ఎక్కువ పని జరుగుతుంది.

కరెంటు వచ్చేది కోర్బా బొగ్గు నుంచే కదా అంటారు. నిజమే, పొగ అక్కడ లేస్తుంది. కానీ దేశానికి కావలసిన ముడిచమురులో 85 శాతానికి పైగా దిగుమతే. కరెంటుకు కట్టిన రూపాయిలో చాలా భాగం రాష్ట్రంలోనే తిరుగుతుంది. బస్తర్‌లోని బైలాడిలా ఇనుప ఖనిజం కిరండూల్-కొత్తవలస లైనులో 1980ల నుంచే కరెంటు ఇంజిన్లతో విశాఖకు వెళ్తోంది. ఖనిజానికి పనికొచ్చిన కరెంటు చింతపండుకు పనికిరాదా?

గట్టి అభ్యంతరం వేరే ఉంది. లోపలి ఊళ్లలో కరెంటును నమ్ముకోలేం. జగదల్‌పూర్ నుంచి కోంటా దాకా సుమారు 180 కిలోమీటర్ల దారికి, ఘాట్ రోడ్లకు ఇంకొన్నాళ్లు డీజిల్ లారీలే గతి. అయితే రాష్ట్ర పునరుత్పాదక ఇంధన సంస్థ క్రెడా సౌరఫలకాలతో ఊళ్లకు వెలుగు తెచ్చిన ప్రాంతమిది. తోకాపాల్ లాంటి సంతల్లో షెడ్ల మీద ఫలకాలు పరిస్తే, బేరాలు సాగినంతసేపూ బండి చార్జింగ్‌లో ఉంటుంది. వీటికి డబ్బెక్కడిదంటారా? విధానాన్ని తిరగరాసేటప్పుడు కారు సబ్సిడీ ఎత్తేసినా కారు కొనేవాళ్లు కొంటారు.