మామిడిపండు, పెరుగు, ఉప్పు, ఐసు

పిల్లలూ! పరీక్షలు అయిపోయాయి, ఎండలు ముదిరాయి, మామిడిపళ్ళు వచ్చాయి. మిట్టమధ్యాహ్నం వీధిలో ఐసుబండి గంట వినపడితే మీ ప్రాణం లేచివస్తుందని మాకు తెలుసు. ఈ నెల ఆ బండికోసం ఎదురుచూడకుండా మనమే ఇంట్లో ఒక చల్లని పదార్థం చేసుకుందాం. చిక్కని పెరుగూ, మామిడిపండు గుజ్జూ కలిపి గడ్డకట్టించటం, అంతే. రిఫ్రిజరేటరు ఉన్న ఇళ్ళలో ఇది పెద్ద పని కాదు. కాని మనం దాని జోలికి పోకుండా ఒక బకెట్టు, ఒక స్టీలు డబ్బా, కొంచెం ఐసు, కొంచెం ఉప్పు పెట్టుకుని చేద్దాం. అలా చేస్తే తినటానికి ఐసు దొరకటమే కాక, చూడటానికి ఒక వింత కూడా దొరుకుతుంది.

ముందు పెరుగు సంగతి. అర లీటరు గట్టి పెరుగు తీసుకోండి. గేదెపాల పెరుగైతే మరీ మంచిది. గేదెపాలలో వెన్న ఎక్కువ. ఆ వెన్నవల్ల ఐసు నోట్లో మెత్తగా జారుతుంది. పులిసిన పెరుగు పనికిరాదు. తోడుకున్న పెరుగును పలచని శుభ్రమైన గుడ్డలో మూటకట్టి, నీడపట్టున వేలాడదీసి, కింద గిన్నె పెట్టండి. రెండు గంటల్లో నీరు చాలాభాగం గిన్నెలోకి దిగిపోతుంది. గుజరాతులోనూ, మహారాష్ట్రంలోనూ శ్రీఖండం చేసేవారు కూడా మొదట ఈ పనే చేస్తారు. గిన్నెలో చేరిన నీళ్ళు పారబొయ్యకండి. చపాతీపిండి తడపటానికి బాగుంటాయి.

ఈ మూటకట్టటమంతా ఎందుకూ అంటారేమో. ఐసులో పళ్ళకింద కరకరమని తగిలే పలుకులు నీటివే. నీరు ఎంత తక్కువగా ఉంటే పలుకులు అంత తగ్గుతాయి.

ఇక పండు. బంగినపల్లి పండుకు పీచు ఉండదు, గుజ్జు చిక్కగా ఉంటుంది, అందుచేత ఈ పనికి అదే తేలిక. నంద్యాల జిల్లా బనగానపల్లె పేరుమీద చలామణి అవుతున్న ఆ పండుకు 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అయితే రుచి మాట వచ్చినప్పుడు మా ఓటు రసాలకే! నూజివీడు చిన్నరసమో, పెద్దరసమో దొరికితే పిండి, జల్లెడలో వడకట్టి పీచు తీసివెయ్యండి. ఏ పండైనా సరే, ఒక పెద్ద గ్లాసుడు గుజ్జు కావాలి. దాన్ని వడిసిన పెరుగులో వేసి, ఆరు చెంచాల పంచదార, రెండు ఏలకుల పొడి చేర్చి, పంచదార పూర్తిగా కరిగేదాకా గిలకొట్టండి.

ఇప్పుడు చెంచాడు తీసి రుచి చూడండి. తీపి సరిగ్గా సరిపోయిందా? అయితే చాలదన్నమాట! ఇంకో చెంచాడు పంచదార వెయ్యండి. చల్లదనానికి నాలుక మొద్దుబారి తీపిని తక్కువగా పట్టుకుంటుంది. నమ్మకం లేకపోతే, ఐసు తయారయ్యాక కొంచెం తిని, మరికొంచెం కరగనిచ్చి తిని చూడండి. కరిగినదే ఎక్కువ తియ్యగా ఉంటుంది.

ఇక్కడ ఒక చిక్కు వస్తుంది. శుద్ధమైన నీరు సున్న డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర గడ్డకడుతుందని మీరు బళ్ళో చదువుకున్నారు. కాని మన పెరుగులో పంచదార కరిగి ఉన్నది. పంచదార కరిగిన నీరు సున్న దగ్గర గడ్డకట్టదు. ఇంకా రెండు మూడు డిగ్రీలు కిందికి దిగాలి. ఐసేమో కరుగుతూ సున్న దగ్గరే నిలిచిపోతుంది. కాబట్టి డబ్బా చుట్టూ వట్టి ఐసు పేర్చి సాయంత్రందాకా కూచున్నా పెరుగు చల్లబడుతుందే తప్ప గడ్డకట్టదు. ఐసును ఐసుకన్న చల్లగా చెయ్యాలి! అదెలా?

ఒక స్టీలు గ్లాసులో సగందాకా ఐసుముక్కలు వెయ్యండి. కాసేపటికి గ్లాసు బయట నీటిబొట్లు కనిపిస్తాయి. గాలిలో ఉన్న ఆవిరి చల్లబడి నీరైంది. ఇప్పుడు నాలుగు చెంచాల ఉప్పు వేసి చెక్కగరిటెతో కలపండి. కొద్ది నిమిషాలు ఓపికపట్టండి. గ్లాసు అడుగుభాగాన బయటివైపు తెల్లని పొడి పేరుకుంటుంది. చెంచాతో గీకితే రాలుతుంది. అది నూగుమంచు. గ్లాసు సున్నకన్న కిందికి దిగిందనటానికి అదే సాక్ష్యం.

ఉప్పు ఏం చేసింది? ఐసూ నీరూ కలిసి ఉన్నచోట రెండు పనులు ఒకేసారి జరుగుతూ ఉంటాయి. ఐసునుంచి కొన్ని అణువులు విడిపోయి నీటిలోకి వస్తూంటాయి. నీటినుంచి కొన్ని అణువులు వెళ్ళి ఐసుకు అంటుకుంటూ ఉంటాయి. సున్న డిగ్రీల దగ్గర వచ్చేవీ పోయేవీ సమానం. మనం ఉప్పు వేస్తే అది నీటిలో కరిగి నీటి అణువుల మధ్య చోటు చేసుకుంటుంది. దాంతో ఐసుకు అంటుకునే అణువులు తగ్గుతాయి. విడిపోయేవి మట్టుకు తగ్గవు. అందుకని ఐసు ఆగకుండా కరుగుతుంది.

కరగటమంటే ఊరికే జరిగే పని కాదు. ఒక గ్రాము ఐసు నీరు కావాలంటే సుమారు 80 కెలోరీల వేడి మింగుతుంది. అంత వేడితో ఒక గ్రాము నీటిని సున్ననుంచి 80 డిగ్రీలదాకా కాచవచ్చు. (బిస్కట్ల పొట్లం మీద రాసే కెలోరీ వేరు, అది దీనికి వెయ్యిరెట్లు.) ఇంత వేడి ఎక్కడినుంచి రావాలి? చుట్టూ ఉన్న ఉప్పునీటినుంచి, ఇంకా కరగని ఐసునుంచి, మధ్యలో ఉన్న మన డబ్బాలోని పెరుగునుంచి! అలా అన్నీ చల్లబడిపోతాయి. ఉప్పూ ఐసూ సరైన పాళ్ళలో కలిస్తే సున్నకు దిగువన 21 డిగ్రీలదాకా వెళ్ళవచ్చు. బకెట్టులో అంతదూరం పోదు. పది డిగ్రీలు దిగినా మన పని అవుతుంది.

ఎంత దిగిందో చూద్దామని జ్వరం చూసే థర్మామీటరు అందులో పెట్టేరు! ఆ అంకెలు దానిలో ఉండవు. కాని జ్వరానికీ ఈ బకెట్టుకూ ఒక చుట్టరికం ఉన్నది. ఇంట్లో ఎవరికైనా ఒళ్ళు వెచ్చబడితే పెద్దవాళ్ళు “నూటరెండు ఉంది” అంటారు గదా. అది ఫారెన్‌హీట్ లెక్క. డేనియల్ గాబ్రియెల్ ఫారెన్‌హీట్ 1724లో తన కొలతను వివరిస్తూ, ఐసూ, నీరూ, నవాసాగరమో లేక సముద్రపు ఉప్పో కలిపిన మిశ్రమం దగ్గర సున్న పెట్టానని రాశాడు. అంటే మీ జ్వరాన్ని లెక్కపెట్టటం ఉప్పూ ఐసూ కలిపినచోటినుంచి మొదలైందన్నమాట. ఆ సున్న మన సెంటిగ్రేడులో సున్నకు దిగువన దాదాపు 18 డిగ్రీలు.

సరే, పనిలోకి దిగుదాం. మూడు కిలోల ఐసుకు ఒక కిలో రాళ్ళఉప్పు కావాలి. ఐసును గోనెసంచిలో వేసి రోకలితో చితక్కొట్టండి. ఈ పని పెద్దవాళ్ళు చెయ్యాలి. మూత బిగువుగా పట్టే స్టీలు డబ్బాలో పెరుగు మిశ్రమం మూడువంతులకు మించకుండా పొయ్యండి, గడ్డకడుతూంటే పొంగుతుంది. ప్లాస్టికు డబ్బా వద్దు. లోపలి వేడి లోహంలోంచి పోయినంత తొందరగా ప్లాస్టికులోంచి పోదు. బకెట్టులో ఒక వరస ఐసు, పైన ఉప్పు వేసి డబ్బా నిలబెట్టండి. చుట్టూ ఐసు, ఉప్పు, మళ్ళీ ఐసు, ఉప్పు పేర్చండి. డబ్బా మూతకు రెండంగుళాలు కిందనే ఆపండి.

బకెట్టుకు గోనెసంచి చుట్టండి. ఊకో, రంపపుపొట్టో దొరికితే ఇంకా మేలు. రంపపుపొట్టును తక్కువగా చూడకండి. 1833లో ఫ్రెడరిక్ ట్యూడర్ అనే అమెరికా వర్తకుడు బోస్టన్‌లో “టస్కనీ” అనే ఓడకు 180 టన్నుల ఐసు ఎత్తించి కలకత్తాకు పంపించాడు. నాలుగు నెలల ప్రయాణం, భూమధ్యరేఖను రెండుసార్లు దాటాలి. అయినా దాదాపు 100 టన్నులు గడ్డగానే చేరింది! చెరువుల మీద పేరుకున్న ఐసును కోసి, వేడి తగలకుండా రంపపుపొట్టు వంటివి కూరటమే ఆయన వ్యాపారానికి ఆయువుపట్టు. మద్రాసు సముద్రతీరాన 1842లో ఆ ఐసుకోసం కట్టిన భవనం ఇప్పటికీ ఉన్నది. 1897లో వివేకానందస్వామి అందులో బసచేశారు. ఇప్పుడది ఆయన పేరుతోనే ఉన్నది. మీరు చెన్నై వెళితే తప్పక చూడండి.

డబ్బాను గుడ్డతో పట్టుకుని అటూ ఇటూ తిప్పుతూ ఉండండి. అయిదు నిమిషాలకోసారి మూత శుభ్రంగా తుడిచి, తీసి, అంచులకు పట్టినదాన్ని చెక్కగరిటెతో గీకి మధ్యకు కలపండి. ఇది విసుగు పుట్టించే పనే. కాని దీన్ని మానేస్తే నీటిపలుకులు నిదానంగా, పెద్దవిగా పెరిగి ఐసు గాజుపెంకుల్లా తయారవుతుంది. కదిలిస్తూంటే పలుకులు చిన్నవిగానే ఉండిపోతాయి, మధ్యలో గాలి కూడా చేరుతుంది. 1843లో అమెరికాలో నాన్సీ జాన్సన్ అనే ఆమె పేటెంటు పొందిన ఐస్‌క్రీం యంత్రం చేసే పని కూడా ఇదే: ఉప్పూ ఐసూ నింపిన తొట్టి, మధ్యలో డబ్బా, లోపల తిప్పే తెడ్డు. అరగంటకో ముప్పావుగంటకో గరిటె కదలటం మానేస్తుంది. అప్పుడు మూతవేసి, కరిగిన ఉప్పునీరు కొంచెం తీసి, ఐసూ ఉప్పూ మళ్ళీ నింపి గంటసేపు వదిలెయ్యండి. రిఫ్రిజరేటరులో చేసేవారు వెడల్పు గిన్నెలో పోసి, అరగంటకోసారి ముళ్ళచెంచాతో కలుపుతూ ఉంటే సరిపోతుంది.

రెండు మాటలు మట్టుకు గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఉప్పు కలిపిన ఐసును చేత్తో ముట్టుకోకూడదు. వట్టి ఐసు చేతిలో పెట్టుకుంటే జివ్వుమంటుంది, అంతే. ఉప్పు కలిపినది చర్మాన్ని గడ్డకట్టించి, నిప్పు కాల్చినట్టే బొబ్బలెక్కిస్తుంది. ఎంతసేపు పట్టుకోగలవో చూద్దామని పందాలు వేసుకుని గాయాలు చేసుకున్న పిల్లలు ఉన్నారు. ఎవరైనా అలాంటి పందానికి పిలిస్తే ఒప్పుకోకండి.

రెండోది పెద్దలు కూడా వినాలి. చల్లదనం క్రిములను చంపుతుందని చాలామంది అనుకుంటారు. చంపదు. కావాలంటే ఒక చెంచాడు మామూలు పెరుగును గడ్డకట్టించి, మర్నాడు కరగనిచ్చి, గోరువెచ్చని పాలలో వేసి చూడండి. కొంచెం ఆలస్యంగానైనా పాలు తోడుకుంటాయి. పెరుగును తోడుపెట్టే సూక్ష్మజీవులు ఐసులో నిద్రపోయాయే తప్ప చావలేదు. పెరుగువి మంచివి. కాని టైఫాయిడు, నీళ్ళ విరేచనాలు తెచ్చే క్రిములు కూడా అలాగే ఐసులో బతకగలవు. చేపలను చల్లగా ఉంచటానికి అమ్మే గడ్డ ఏ నీటితో చేశారో, ఏ బండి మీద వచ్చిందో మీరు చూడలేదు. దాన్ని బకెట్టులో వెయ్యండి, నోట్లోకి మాత్రం ఒక్క ముక్క కూడా పోనివ్వకండి, షరబతులో వెయ్యకండి. డబ్బా మూత తీసే ప్రతిసారీ తుడవమన్నది అందుకే. ఆ ఉప్పునీరు ఒక్క బొట్టు లోపల పడినా రుచి చెడటం ఒక్కటే కాదు నష్టం.

డబ్బా బయటికి తీసి, కడిగి, తుడిచి, అయిదు నిమిషాలాగి వడ్డించుకోండి. పైన నాలుగు మామిడిముక్కలు వేసుకుంటే మీ ఇష్టం.

బకెట్టులో మిగిలిన నీటిని మొక్కల మొదట్లో పోస్తే చచ్చిపోతాయి. దాన్ని వెడల్పాటి ప్లాస్టికు పళ్ళేలలో పోసి డాబామీద ఎండలో పెట్టండి. చినగంజాంలోనూ, నౌపడలోనూ మడుల్లో సముద్రపునీటిని ఆరబెట్టి ఉప్పు తీసేది ఇలాగే. మూడు నాలుగు రోజుల్లో అడుగున ఉప్పు గళ్ళు కడుతుంది. గీకి సీసాలో పోసి, “ఐసుకు మాత్రమే” అని చీటీ అంటించండి. వంటకు వాడకూడదు. వచ్చే ఆదివారం మళ్ళీ బకెట్టు తీసినప్పుడు పనికివస్తుంది.