కుకీలూ, మన గుట్టూ

మా సోమల వైపు స్మార్టు ఫోను ఇంటికి ఒకటే ఉన్న కుటుంబాలు ఇంకా ఉన్నాయి. అందులో ఒక స్త్రీ గర్భస్రావం గురించో, భర్త కొడితే చట్టం ఏమంటుందనో వెతికిందనుకోండి. ఆనక అదే ఫోనులో దానికి సంబంధించిన ప్రకటన ప్రత్యక్షం కావచ్చు. అది భర్త కంట పడితే?

దీని వెనుక ఉన్నది చాలాసార్లు 'కుకీ'. మనం చూసిన వెబ్‌సైటు మన ఫోనులో పెట్టి వెళ్ళే గుర్తుచీటీ ఇది. 1994లో నెట్‌స్కేప్ ఇంజనీరు లూ మాంటుల్లి దీన్ని తయారుచేశాడు. మళ్ళీ వచ్చినవారిని గుర్తుపట్టడానికి పుట్టిన ఈ చీటీతోనే ప్రకటనల కంపెనీలు సైటు నుంచి సైటుకు మన వెంట పడుతున్నాయి.

గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. సమ్మతి తెలిసి, స్వేచ్ఛగా ఇచ్చినదై ఉండాలనీ, దాన్ని అడిగే మాటలు తెలుగులోనూ చదువుకునే వీలుండాలనీ 2023 నాటి డేటా రక్షణ చట్టంలో ఉంది. దాని అమలుకు 2025 నవంబరులో 18 నెలల గడువిచ్చారు. అర్థంకాని ఇంగ్లీషులో 'యాక్సెప్ట్' నొక్కించుకోవడానికీ, తెల్లకాగితం మీద వేలిముద్ర వేయించుకోవడానికీ నాకు తేడా కనబడదు.

తెలుగులో అడగాలనీ, 'వద్దు' అనే మీట కూడా అంతే పెద్దగా ఉండాలనీ మనం పట్టుబట్టాలి. ఈలోగా 'రిజెక్ట్' నొక్కడం, చూసిన సైటు కుకీలనూ, హిస్టరీనీ చెరపడం సంఘాల సమావేశాల్లో నేర్పుదాం. అంతా ఒకేసారి చెరిపితే అనుమానం రావచ్చని కూడా చెబుదాం.