యజమాని లేని గాయానికి పూచీ ఎవరు?

బెంగళూరులో హోసూరు రోడ్డు మీది బొమ్మనహళ్ళిలో గార్మెంట్ ఫ్యాక్టరీలకు కొదవ లేదు. ఈఎస్ఐ ఉన్న టైలర్ వేలు మిషన్ కింద పడి నెల రోజులు పనికి రాలేకపోతే, వైద్యం ఈఎస్ఐ కార్పొరేషనే చూసుకుంటుంది. సగటు వేతనంలో 90 శాతం లెక్కన భృతి కూడా ఇస్తుంది. అదే వీధిలో చదరపు అడుగుకు ఇంత అని టైల్స్ పని ఒప్పుకున్న అనంతపురం మేస్త్రీ వేలు కట్టర్‌కు తెగితే ఆస్పత్రి ఖర్చూ అతనిదే, పోయిన సంపాదనా అతనిదే. గాయం ఒకటే. టైలర్‌కు యజమాని ఉన్నాడు, మేస్త్రీకి లేడు.

మన పరిహార చట్టం మొదట 1923లో వచ్చింది. 2009 సవరణతో ఉద్యోగుల పరిహార చట్టమని పేరు మారినా, 2025లో సామాజిక భద్రతా కోడ్‌లో కలిసిపోయినా పునాది మారలేదు: పరిహారం యజమానే చెల్లించాలి. కాంట్రాక్టరు పెట్టుకున్న కూలీకి దెబ్బ తగిలితే, కొన్ని షరతులతో అసలు పని అప్పగించినవారినీ చట్టం బాధ్యులను చేస్తుంది. కూలీలెవరూ లేకుండా తనే కాంట్రాక్టరూ తనే కూలీ అయినవాడికి అదీ వర్తించదు. నిజానికి ఆ కాంట్రాక్టరు హోదా చాలాచోట్ల మాటవరసకే. రేటు బిల్డరు చెబుతాడు, గడువు బిల్డరు పెడతాడు, దెబ్బ తగిలిన రోజున మాత్రం ‘నువ్వు మా మనిషివి కాదు’ అంటాడు. ఆ మాట తప్పని కోర్టులో నిరూపించే స్తోమత కట్టు కట్టుకున్న చేతికి ఎక్కడిది?

ప్రధానమంత్రి సురక్షా బీమా ఉంది కదా అనవచ్చు. ఏడాదికి 20 రూపాయలకు ప్రమాద మరణానికి 2 లక్షలు రావడం మంచిదే, అందరూ చేరాల్సిందే. కానీ చెయ్యి విరిగి మూడు నెలలు ఇంట్లో కూర్చున్నవాడికి అది పైసా ఇవ్వదు. అద్దె, పిల్లల ఫీజు, ఊళ్లో అప్పు వడ్డీ ఆ మూడు నెలలూ ఆగవు. చనిపోతేనో అవిటివాడైతేనో తప్ప పలకని బీమా కష్టజీవికి సగం బీమానే.

దారి లేక కాదు. న్యూజిలాండ్‌లో 1974 నుంచి ప్రమాద పరిహార పథకం నడుస్తోంది; సొంతంగా పనిచేసేవారూ లెవీ కడతారు, గాయపడితే ఆదాయంలో 80 శాతం దాకా వారం వారం అందుకుంటారు. మన నిర్మాణ సెస్సులోనూ ఆ బీజం ఉంది: అది కూలీ జీతం మీద కాదు, కట్టడం ఖర్చు మీద వసూలవుతుంది. 2025లో కర్ణాటక తెచ్చిన గిగ్ కార్మికుల చట్టం ఇంకో అడుగు వేసి, ఉద్యోగి అన్న ముద్రతో పని లేకుండానే, ప్రతి లావాదేవీలో కార్మికుడికి దక్కే మొత్తం మీద 1 నుంచి 5 శాతం సంక్షేమ రుసుము కంపెనీలపై వేసింది. యాప్ ద్వారా డెలివరీ చేసేవాడికి దక్కిన ఈ న్యాయం ఫోన్ కాల్ మీద వచ్చే ప్లంబర్‌కూ పెయింటర్‌కూ ఎందుకు దక్కకూడదు?

2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లో 45వ సెక్షన్, అసంఘటిత కార్మికులకు ఈఎస్ఐ ప్రయోజనాలిచ్చే పథకం రూపొందించే అధికారం కేంద్రానికి ఇచ్చింది. స్వయం ఉపాధి కార్మికులు ఆ నిర్వచనంలోనే ఉన్నారు. కొత్త చట్టం అక్కర్లేదు, నోటిఫికేషన్ చాలు. చందాలో కొంత కార్మికుడు, కొంత ప్రభుత్వం భరించి, పని మానిన రోజులకు భృతి మొదట ఇవ్వాలి.

ఈలోగా మీ ఇంటి పనికి వచ్చే మేస్త్రీని సురక్షా బీమా ఉందా, నిర్మాణ కార్మిక బోర్డు కార్డు ఉందా అని అడగండి. ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసినవారు ఆ కార్డుకు అర్హులు. లేకపోతే తీయించండి.