‘తొలి మహిళ’ అనే పూలదండ

గత ఫిబ్రవరి 28న జాతీయ విజ్ఞాన దినోత్సవం సందర్భంగా మెదక్ పట్టణంలో జరిగిన ఒక సభలో నేనూ ఒక వక్తను. నాకు ముందు మాట్లాడిన పెద్దమనిషి భౌతికశాస్త్రం చదివినవారు, సహృదయులు కూడాను. విజ్ఞానరంగంలో భారత మహిళ అనేది ఆయన ఉపన్యాస విషయం. తొలి మహిళా ఇంజనీరు ఫలానా, పురావస్తు శాఖకు తొలి మహిళా డైరెక్టర్ జనరల్ ఫలానా అంటూ వరసగా పేర్లు చదివి, చివరకు ఒక మాట అన్నారు: “ప్రతిభ వుంటే స్త్రీని ఎవరూ ఆపలేరు. ఆపారనటం అపవాదు.” పిల్లలు చప్పట్లు కొట్టారు.

తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి సైన్సు సంగతి ఎందుకని అడగవచ్చు. కాని ఆ పెద్దమనిషి చివర చెప్పింది సైన్సు కాదు. అది సంఘాన్ని గురించిన తీర్పు. సంఘాన్ని గురించి తప్పుడు తీర్పు చెప్పినప్పుడు దాన్ని ఎదిరించటం రచయిత పని. అందుకే ఈ వ్యాసం.

మొదట ఆ రోజు సంగతే చూద్దాం. ఫిబ్రవరి 28 సి. వి. రామన్ తన ఆవిష్కరణను ప్రకటించిన రోజు. అది జరిగింది 1928లో. ఆ తరువాత అయిదేళ్లకు, 1933లో, కమలా భాగవత్ అనే అమ్మాయి బొంబాయి విశ్వవిద్యాలయంలో ప్రథమురాలిగా ఉత్తీర్ణురాలై బెంగుళూరు సైన్సు ఇన్‌స్టిట్యూట్‌కు దరఖాస్తు పెట్టుకున్నది. అప్పుడు అక్కడ డైరెక్టరు రామనే. ఆడపిల్ల గనక చేర్చుకోనన్నాడు. ఆమె వెళ్లి నిలదీసింది. చివరకు చేర్చుకున్నారు, కాని షరతులతో: ఏడాదిపాటు ఆమెను పరీక్ష మీద వుంచుతారు, పని నచ్చితేనే గుర్తింపు, ఆమె వల్ల మగ పరిశోధకుల ఏకాగ్రత చెడకూడదు. ఆమె పని చూసి రామన్ తరువాత మనసు మార్చుకున్నాడు, అది ఒప్పుకోవాలి. ఆమే 1939లో కేంబ్రిడ్జిలో డాక్టరేటు పొందిన కమలా సొహొనీ. ఇక్కడ ప్రతిభకు ఏం తక్కువైంది? బొంబాయిలో ప్రథమురాలికంటె పెద్ద సాక్ష్యం ఏం కావాలి? ఆమెను ఆపింది తలుపు. ఆ తలుపు దగ్గర నిలబడ్డవాడు దేశం గర్వించే శాస్త్రజ్ఞుడు. ఆయన పేర జరిగే పండుగనాడే “ఎవరూ ఆపలేదు” అని ఉపన్యసించటానికి మనకు జంకు లేకపోయింది!

ఇక మన తెలుగింటి ఆడబిడ్డ అయ్యలసోమయాజుల లలిత సంగతి. 1919లో పుట్టింది. పదిహేనో ఏట పెళ్లి; పద్దెనిమిదో ఏట భర్త పోయాడు. ఒళ్లో నాలుగు నెలల పసిపిల్ల. ఆ రోజుల్లో అలాంటి పిల్లకు లోకం రాసిపెట్టిన బతుకు ఏమిటో వీరేశలింగం గారిని చదివిన ఎవరికైనా తెలుసు. ఆమె మాత్రం గిండీ ఇంజనీరింగు కళాశాలలో విద్యుత్తు శాఖలో చేరింది. 1943లో చదువు ముగించింది. పట్టాలో ‘అతడు’ అని అచ్చయిన చోట కొట్టేసి ‘ఆమె’ అని చేతితో దిద్ది ఇచ్చారు. తరువాత కలకత్తాలో ఒక కంపెనీలో పనిచేస్తూ భాక్రా నంగల్ ఆనకట్టనుంచి కరెంటు తీసుకుపోయే లైన్ల పనిలో పాలుపంచుకున్నది. 1964లో న్యూయార్కులో జరిగిన స్త్రీ ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల మొదటి అంతర్జాతీయ సభకు హాజరైంది.

ఇదంతా ఆమె ప్రతిభేనా? నిస్సందేహంగా ప్రతిభే. అయితే ఆమె తండ్రి పప్పు సుబ్బారావు ఆ కళాశాలలోనే విద్యుత్తు శాఖ ఆచార్యుడనే సంగతి విస్మరించకూడదు. ప్రిన్సిపాలుతో మాట్లాడి ఒప్పించింది ఆయన. తరువాత పసిబిడ్డను సాకటంలో చెయ్యి వేసింది తోడబుట్టినవాళ్ల ఇల్లు. అంతే తెలివి వుండి, తండ్రి ఆ కళాశాలలో ఆచార్యుడు కాక ఏ పల్లెలోనో పౌరోహిత్యమో పాలేరుతనమో చేసుకునేవాడైతే ఆ పిల్ల ఏమయ్యేది? ఏమయ్యేదో మనకు తెలియదు. ఎందుకంటే అలాంటి పిల్లలు పట్టికల్లోకి రారు. ‘తొలి మహిళ’ పట్టిక లోపలికి వచ్చినవారిని చూపిస్తుంది. గుమ్మం బయట ఎందరు నిలిచిపోయారో చెప్పదు. ఆ లెక్క అడగకుండా చప్పట్లు కొట్టటం అంటే, గుమ్మం మూసినవాడికి కూడా చప్పట్లు కొట్టటమే.

పురావస్తు శాస్త్రంలో ఇది మరీ స్పష్టంగా కనిపిస్తుంది. భారత పురావస్తు సర్వేక్షణ శాఖ 1861లో ఏర్పడింది. దానికి ఒక స్త్రీ డైరెక్టర్ జనరల్ కావటానికి 1981 దాకా, అంటే 120 ఏళ్లు పట్టింది. ఆమె దేబలా మిత్ర. ఒరిస్సాలో రత్నగిరి బౌద్ధ విహారాలను 1958 నుంచి 1961 వరకు తవ్వి తీసిన పండితురాలు. కాని తవ్వకంలో స్త్రీ కాలు పెట్టింది అప్పుడేనా? మన దేశంలో ఏ తవ్వకం దగ్గరకైనా పోయి చూడండి. పలుగు, పార మగవాడి చేతిలో వుంటాయి. తట్ట ఆడమనిషి నెత్తిన వుంటుంది. స్త్రీ పురావస్తు శాస్త్రంలో మొదటినుంచీ వున్నది. ఆమె కూలి రిజిస్టరులో వున్నది, నివేదికలో లేదు.

మా పాత మెదక్ జిల్లాలోని కొండాపూర్‌లో (అది ఇప్పుడు సంగారెడ్డి జిల్లా) 1940 ప్రాంతంలో నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ తవ్వకాలు జరిపించింది. శాతవాహనుల నాణేలు, పూసలు, మట్టిబొమ్మలు బయటపడ్డాయి. మేం పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు శాతవాహన రాజుల పేర్లు చెబుతాం, తవ్వించిన అధికారి పేరూ చెబుతాం. అంతటితో పాఠం అయిపోతుంది.

కొన్నేళ్ల క్రితం విద్యార్థులను మరో చోట ఒక తవ్వకం చూపటానికి తీసుకుపోయాను. జల్లెడ దగ్గర ఒక నడివయసు స్త్రీ కూర్చుని వుంది. మట్టిబెడ్డల మధ్యనుంచి ఆవగింజంత పూసను ఏరి అరచేతిలో పెట్టి చూపింది. మా కళ్లకది రాయి. పర్యవేక్షకుడు దాన్ని సంచిలో వేసి, పొర ఎంత లోతో, తేదీ ఏమిటో సంచి మీద రాశాడు. ఆమె పేరు రాయలేదు. ఆయన్ని అని ఏం లాభం? “నీ పేరేమిటమ్మా” అని అడగాలని నాకూ తోచలేదు.

ఇది మన దేశపు జాడ్యం మాత్రమే కాదు. డొరొతీ గారొడ్ 1939లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో పురావస్తు శాస్త్రాచార్యులైంది; ఆ విశ్వవిద్యాలయంలో ఆచార్యపీఠం ఎక్కిన మొదటి స్త్రీ. ఆనాటికి అక్కడ ఆడవాళ్లకు పూర్తి పట్టాలే లేవు. 1948లో గాని ఇవ్వలేదు. పాఠం చెప్పటానికి పనికివచ్చింది గాని పట్టా పుచ్చుకోవటానికి పనికిరాలేదు! ఆమె పాలస్తీనాలో కార్మెల్ కొండ గుహలు తవ్వించినప్పుడు చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్లే పనిచేశారు. వాళ్లలో యుస్రా అనే అమ్మాయి 1932లో మట్టిలో ఒక పన్ను చూసి గుర్తుపట్టింది. ఆ పన్ను వెంట పోతే ఒక ఆదిమ స్త్రీ పుర్రె దొరికింది. ఆ పుర్రెకు శాస్త్రంలో పేరూ అంకే వున్నాయి. కేంబ్రిడ్జిలో చదవాలని కలగన్న యుస్రా ఏమైంది? 1948లో ఆ ప్రాంతపు పల్లెలు ఖాళీ అయిపోయాయి. ఆమె జాడ దొరకలేదు. గారొడ్ కష్టం గొప్పదే. అయితే ‘తొలి మహిళ’ కిందకూడా పేరులేని మహిళ వున్నదన్న సంగతి ఆ కష్టం వల్ల చెరిగిపోదు.

ఇక్కడ మనవాళ్లను కూడా నాలుగు మాటలు అనాలి. నాగార్జునకొండలో మహాచైత్యానికి దానమిచ్చిన ఇక్ష్వాకు రాజకుమారి చాంతిసిరి పేరు మూడో శతాబ్దపు శాసనాల్లో నేటికీ నిలిచివుంది. రాజు చెల్లెలు గనక నిలిచింది. రాయి మోసిన స్త్రీ పేరు నిలవలేదు. అది వర్గ సమాజ లక్షణమని మనం వెంటనే అంటాం. తాజమహలు కట్టిన శ్రామికులను గురించి శ్రీశ్రీ వేసిన ప్రశ్న మనకు కంఠోపాఠం. కాని ఆ కూలీల్లో ఆడవాళ్లెందరని మనం అడిగామా? తెలంగాణా సాయుధ పోరాటంలో తుపాకీ పట్టిన, కొరియర్లుగా తిరిగిన, అన్నం వండిపెట్టిన స్త్రీలు తమ కథ తామే చెప్పుకోవటానికి 1986లో స్త్రీశక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చేదాకా ఆగవలసివచ్చింది. అభ్యుదయవాదుల ఇంట్లోనే లెక్క ఇలా తప్పితే, పురావస్తు శాఖను దబాయించటానికి మనకు గొంతు ఎలా పెగులుతుంది?

నా తప్పు ఒకటి చెబుతాను. చరిత్ర బాగా చదివే ఒక విద్యార్థిని నెలరోజుల తవ్వకం శిక్షణకు దరఖాస్తు పెట్టుకున్నది. ఎంపికయింది. తీరా బయలుదేరే ముందు నిర్వాహకులు “ఆడపిల్లలకు బస ఏర్పాటు లేదు, మీరే చూసుకోవాలి” అని కబురు చేశారు. తండ్రి నా దగ్గరకు వచ్చాడు. “పిల్లను ఒక్కదాన్ని ఎట్ల తోల్తం సార్? మీ బిడ్డయితె తోల్తరా?” అన్నాడు. నేను నిర్వాహకులకు ఉత్తరం రాయాల్సింది. మరో ఇద్దరు అమ్మాయిలను కూడగట్టి పంపాల్సింది. “పోనీలెండి, వచ్చే ఏడు చూద్దాం” అన్నాను. వచ్చే ఏడు ఆమె పెళ్లయింది. ఆమెకు ప్రతిభ లేదని ఎవరూ అనలేరు. ఒక గది, ఒక మరుగుదొడ్డి, ఒక మేష్టారి పట్టుదల లేకపోయాయి. “ఎవరూ ఆపలేదు” అని ఆ పెద్దమనిషి అన్నప్పుడు నేను తలవంచుకోవటానికి కారణం ఇదే. ఆపినవాళ్లలో నేనున్నాను.

అయితే పట్టికలే వద్దా? ఆ మాట అనను. భండారు అచ్చమాంబ ఇరవయ్యో శతాబ్దపు తొలి ఏళ్లలో ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రాసింది. స్త్రీలు అబలలు, బుద్ధిహీనులు అనేవారి నోరు మూయించటానికే ఆమె అన్ని చరిత్రలు గుదిగుచ్చింది. ఆమె చేతిలో పట్టిక ఆయుధం. మన సభల్లో అదే పట్టిక పూలదండ అయింది. దండ వేసి, ఫోటో తీయించుకుని, తలుపు మళ్లీ దగ్గరగా వేస్తున్నాం.

కనుక చేయవలసిన పనులు చెప్పి ముగిస్తాను. ప్రభుత్వ ధనంతో జరిగే ప్రతి తవ్వకం నివేదిక చివర, అందులో పనిచేసిన కూలీలందరి పేర్లూ అచ్చు వెయ్యాలి. కూలి చెల్లించినచోట పేర్లు ఎలాగూ రాసుకుంటారు. ఖర్చు ఒకటి రెండు పుటలు. అమ్మాయిలకు బస, మరుగుదొడ్డి చూపలేని శిక్షణ శిబిరానికి అనుమతి ఇవ్వకూడదు. ఇటుక కొలత సెంటీమీటర్లలో రాయగలవాళ్లకు ఇవి అసాధ్యమైన పనులు కావు. మన కళాశాలల్లో ఫిబ్రవరి 28న 1928తోపాటు 1933ను కూడా పిల్లలకు చెప్పాలి. రామన్ కీర్తికి దానివల్ల వచ్చే లోటు లేదు. మన పిల్లలకు మాత్రం నిజం తెలుస్తుంది.

ఇక రచయితలు చేయవలసిన పని మరీ తేలిక. జల్లెడ దగ్గర కూర్చున్న మనిషిని పేరు అడగాలి. ఈసారి విద్యార్థులతో వెళ్లినప్పుడు నేను అడుగుతాను. ఆ పేరు ఈ పత్రికకే రాసి పంపుతాను.